విడిదికిచ్చిన పాటల గోదాం

మా అన్నయ్య మనవరాలు హైదరాబాదులో లాయరు. పోయిన నెల ఏదో పని మీద విజయవాడ వచ్చి రెండు రోజులు నా దగ్గరుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక ఫారం నింపుతుంటే, ఏమిటే అది అని అడిగాను. "ప్రోబోనో కేసు మామ్మా. ఫీజు తీసుకోం, కానీ ఫారాలు మాత్రం డబ్బులిచ్చే వాళ్ళకంటే ఎక్కువ" అంది నవ్వుతూ. ఫీజు లేకుండా చేసే కేసుకి అంత పెద్ద పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో దాన్ని ఊరికే చేసే కేసు అనేవాళ్ళం. కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫారం చదివాను. ఏ కాగితం మీద సంతకం పెట్టే ముందైనా, ఆస్తికి సంబంధించి ఎవరికి ఏ మాట ఇచ్చే ముందైనా లాయరుకి చెప్పి తీరాలని ఒక షరతు, దాని కింద క్లయింటు సంతకానికి గీత. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పిల్ల వెనకే వచ్చి ఏమైందని అడిగితే ఉల్లిపాయ ఘాటు అన్నాను. ఆ పూట వంటలో ఉల్లిపాయ లేదు.

అప్పట్లో మా ఇల్లు గవర్నరుపేటలో ఉండేది. ముందు వసారా, వసారాలో పొడుగాటి బల్ల, దాని పక్కన నాన్నగారి ఆఫీసు గది. ఆ గదిలో కార్బను కాగితాల వాసన, స్టాంపులంటించే మైదా జిగురు పులిసిన వాసన కలిసి ఉండేవి. తెల్లవారేసరికి బల్ల నిండిపోయేది. చల్లపల్లి నుంచి, అవనిగడ్డ నుంచి మొదటి బస్సెక్కి వచ్చిన వాళ్ళు కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చునేవారు. భూముల సీలింగు చట్టం కొత్తగా వచ్చిన రోజులు. ఎవరికెన్ని ఎకరాలుంటాయో, ఎన్ని పోతాయో తెలియక డెల్టాలో ఉన్న రైతులంతా మా వసారాలోనే ఉన్నారేమో అనిపించేది. అమ్మ వాళ్ళందరికీ మజ్జిగ పంపేది. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. ఆ రోట్లో దంచుతున్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వచ్చినవాళ్ళు ఖాళీ చేతుల్తో వచ్చేవారు కాదు. నూజివీడు వాళ్ళు మామిడిపళ్ళు, బందరు వైపు పడవల వాళ్ళు ఎండు రొయ్యలు. మేము తినం కనుక ఆ రొయ్యల బుట్ట పెరటి గోడ మీదే ఉండేది, పనిచేసే వెంకాయమ్మ సాయంత్రం పట్టుకెళ్ళేది. ఆ గోడ చుట్టూ వాడకట్టు పిల్లులన్నీ కాపురం పెట్టేవి.

బల్ల మీద కూర్చున్న మనిషి ఫీజు ఇచ్చినవాడో కాదో చిన్నప్పుడే నేను చూడగానే చెప్పేదాన్ని. ఇచ్చినవాడు వెనక్కి ఆనుకుని కూర్చుంటాడు. "ఏమండీ లింగమూర్తి గారూ, మా వాయిదా ఏమైందండీ?" అని గుమాస్తాని రోజుకి నాలుగుసార్లు నిలదీస్తాడు. మజ్జిగ రెండో గ్లాసు అడుగుతాడు. ఊరికే కేసు చేయించుకునేవాడు బల్ల చివర సగం ఆనించి కూర్చుంటాడు, ఎవరైనా వస్తే లేచి చోటిస్తాడు. నాన్నగారు కనబడగానే వచ్చిన పని మర్చిపోయి "మీ ఆరోగ్యం ఎట్టా ఉందండీ" అని అడుగుతాడు. నాన్నగారికి ఆ తేడా కనబడేది కాదు. తను ఎవరినీ తక్కువగా చూడనని ఆయనకు గట్టి నమ్మకం, అది నిజం కూడాను. అవతలివాడు తనని తాను తక్కువగా చూసుకుంటాడన్నది మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

రాజరత్నం మాస్టారు అలా బల్ల చివర కూర్చునే మనిషి. మిషను స్కూల్లో పాటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు, మిగతా ఆరు రోజులూ పటమటలో పిల్లలకి ఊరికే సంగీతం చెప్పేవారు. ఆ రోజుల్లో పటమట అంటే నాలుగు వీధులు, చుట్టూ వరిచేలు. బందరు రోడ్డు పక్కన పాత ధాన్యం గోదాం ఒకటి ఉండేది. రైసుమిల్లు కోటయ్య గారు దాన్ని "పిల్లల పాటలకి వాడుకోండి మాస్టారూ" అని నోటిమాటగా ఇచ్చి, తాళం చెవి మాస్టారి చేతిలో పెట్టారు. అప్పట్నుంచి దాన్ని పాటల గోదాం అనేవారు. రిక్షా తొక్కేవాళ్ళ పిల్లలు, కాలవగట్టు గుడిసెల పిల్లలు, ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాళ్ళ పిల్లలు నలభైమంది దాకా వచ్చేవారు. దానికొక పిల్లల సంగీత సంఘం, ఆ సంఘానికి రబ్బరు స్టాంపు, మాస్టారే అధ్యక్షుడు, మాస్టారే చీపురు పట్టేది. స్కూలు వార్షికోత్సవంలో ఆ పిల్లలు వాయించింది విని, నాన్నగారు నన్ను కూడా వయొలిన్‌కి అక్కడే చేర్పించారు. అమ్మకి నేను వీణ నేర్చుకోవాలని ఉండేది. "కాలవగట్టు పిల్లలతో సమానంగా చాప మీద కూర్చుంటే నీ కూతురికి ఏం తరుగు పడదులే" అన్నారు నాన్నగారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

ఆ గోదాంలో అడుగు పెడితే ఊక వాసన, గోనెల వాసన. ధాన్యం ఖాళీ చేసి ఎన్నేళ్ళయినా గోడల్లోంచి ఆ వాసన పోలేదు. దాని మీద వయొలిన్ కమాన్లకి రాసే రోజిన్ వాసన. మాస్టారు అందరికంటే ముందొచ్చి, ఉన్న పదకొండు వయొలిన్లనూ, మృదంగాన్నీ తనే శ్రుతి చేసి, క్లారినెట్‌తో సహా చాపల మీద వరసగా పెట్టేవారు. కాలవగట్టు నుంచి పరిగెత్తుకొచ్చిన పిల్లలు గుమ్మం దగ్గర బకెట్లో కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. అదొక్కటే ఆయన పెట్టిన నియమం. ఆయన నోట తప్పు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఎంత అపస్వరం పలికినా, ఆ కళ్ళు మూసుకున్న మొహం కొంచెం ముడుచుకునేదే గాని, "మళ్ళీ ఒకసారి విందామమ్మా" అనేవారు. మూడోసారి కూడా తప్పితే "ఈ వయొలిన్ కాస్త మొండిదిలే" అని నెపం దాని మీదకు తోసేవారు. రిక్షా సూరయ్య కూతురు నాగమణికి మాత్రం ఏ వయొలిన్నూ మొండిది కాలేదు. నాకంటే రెండేళ్ళు చిన్నది. మాస్టారు ఒకసారి పాడితే చాలు, తిరిగి వాయించేసేది. నాకు ఆ పిల్లంటే అసూయగా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం నిజమే.

కోటయ్య గారు పోయాక ఆయన కొడుకు శేషగిరిరావు గారు గోదాం కూలగొట్టి రోడ్డు వైపు కొట్లు కట్టాలనుకున్నారు. తప్పు పట్టడానికి లేదు, ఆస్తి ఆయనది. కానీ అడిగే పద్ధతి అడగలేదు. ఒక సాయంత్రం మేము వర్ణం వాయిస్తుండగా ఆయన మనుషులు వచ్చి చాపలు చుట్టి రోడ్డు మీద పడేశారు. హార్మోనియం ఎత్తబోతే మాస్టారు దాన్ని కావలించుకుని కూర్చున్నారు. పెద్దవాడని వదిలేసి, వారంలో ఖాళీ చేయాలని చెప్పి వెళ్ళారు. ఇంటికొచ్చి ఆ సంగతి అన్నం తింటూ చెప్పాను. నాన్నగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, "రేపు ఆయన్ని రమ్మను" అన్నారు.

మర్నాడు మాస్టారు సైకిలు మీద వచ్చారు. వెనక క్యారియరుకి ములక్కాడల కట్ట. నాన్నగారు విషయమంతా విని, కాగితమేమైనా ఉందా అని అడిగారు. లేదన్నారు మాస్టారు. "ఫరవాలేదు. ఇన్నేళ్ళుగా గోదాం మీ చేతిలో ఉంది. తాళం మీది. కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే తప్ప మిమ్మల్ని మెడపట్టి గెంటడానికి ఆయనకి హక్కు లేదు. ఆ తాళం చెవి మీ జేబులో ఉన్నంతకాలం మన కేసుకి ఢోకా లేదండీ" అన్నారు. మాస్టారు చొక్కా జేబులోంచి ఆ తాళం చెవి తీసి చూపించారు. ఫీజు ఎంతని అడగలేక నీళ్ళు నములుతుంటే నాన్నగారే "పిల్లల కోసం మీరు ఊరికే చెబుతున్నారు, నేనూ ఊరికే చేస్తాను" అన్నారు. ఆ మాటకి మాస్టారి కళ్ళు చెమర్చాయి. సైకిలు దగ్గరికెళ్ళి ములక్కాడల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. "మా పెరట్లో కాసినయ్యండీ." నాన్నగారు దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. "ఇది తీసుకుంటే ఫీజు తీసుకున్నట్టేనండీ. ఊరికే అంటే ఊరికే. ఇంకో సంగతి, ఈ ఎండల్లో పటమట నుంచి మాటిమాటికీ సైకిలు తొక్కుకుంటూ రావద్దు. వాయిదాలన్నీ నేను చూసుకుంటా. అవసరమైతే అమ్మాయితో కబురు పంపుతా."

అందులో మర్యాదే తప్ప ఇంకేం లేదు. వయసులో పెద్దవాడికి శ్రమ ఎందుకని అన్నారు. మాస్టారు మాత్రం రావద్దన్నారు అన్నంతవరకే పట్టుకెళ్ళారు. ములక్కాడలు మళ్ళీ క్యారియరుకి కట్టుకుని వెళ్తుంటే అమ్మ వసారా గుమ్మంలోంచి చూసి, "ఇచ్చుకోనివ్వని చోట మనిషి అడగడానికి నోరెలా వస్తుందండీ" అంది. నాన్నగారు అప్పటికే సీలింగు కాగితాల్లో తల దూర్చేశారు.

కోర్టులో మొదటి గెలుపు మాదే. కేసు తేలేదాకా గోదాం జోలికి వెళ్ళవద్దని శేషగిరిరావు గారి మీద మున్సిఫు గారు ఇంజంక్షను ఇచ్చారు. ఆ రోజు మాస్టారు పిల్లలందరికీ బెల్లం, వేయించిన వేరుశెనగపప్పు పంచారు. చాపలు మళ్ళీ పరుచుకున్నాం. నాగమణి ఆ సాయంత్రం కల్యాణి రాగం వాయిస్తుంటే రోడ్డు మీద పోయే ఎడ్లబండి ఒకటి ఆగింది. బండివాడు దిగి గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో ఎన్నో సభలు చూశాను, అలా విన్న మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆరేడు నెలలు అలా గడిచాయి. ఆ వేసవిలో ఒకరోజు శేషగిరిరావు గారు స్వయంగా మాస్టారి ఇంటికి వెళ్ళారు. మనుషుల్ని వెంటబెట్టుకుని కాదు, భార్యని వెంటబెట్టుకుని. పళ్ళెంలో పసుపు రాసిన శుభలేఖ, పళ్ళు. చెల్లెలి పెళ్ళి కుదిరిందనీ, మగపెళ్ళివారు అరవైమంది వస్తున్నారనీ, వాళ్ళకి విడిది ఇవ్వడానికి ఊళ్ళో అంత చోటు ఇంకెక్కడా లేదనీ, మూడు రోజులు గోదాం ఇప్పించమనీ అడిగారు. "కోర్టు గొడవ కోర్టుదండీ మాస్టారూ. ఆడపిల్ల పెళ్ళికి దాన్ని అడ్డం పెట్టుకుంటామా? మా నాన్నగారుంటే మిమ్మల్ని ఇట్టా అడగాల్సొచ్చేదా?" అన్నారట. ఆవిడ చేతులు జోడించిందట. ఇది నాకు తర్వాత మాస్టారి భార్య చెప్పింది. మా వైపు పెళ్ళికి విడిది అడిగితే లేదన్నవాడు లేడు. పలకరింపుల్లేని దాయాదులు కూడా పెళ్ళనగానే ఇల్లు కడిగి ముగ్గుపెట్టి తాళం చెవి పంపేవారు. విడిది ఇవ్వనన్నవాడి పేరు మూడు తరాలు చెప్పుకునేవారు. మాస్టారు ఒక్కపూట గడువు అడిగారు. అంతే.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికొచ్చారు. ఇంకా పొద్దు పోలేదు, అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి పెరట్లోకి వెళ్ళింది. వసారాలో నేనొక్కదాన్నే ఉన్నాను. లోపల నాన్నగారి దగ్గర చల్లపల్లి రైతులు నలుగురు. గేటు బయట సైకిలు ఆనించి మాస్టారు నిలబడ్డారు. ఆయన్ని చూడగానే నాకు భయమేసింది. దానికి కారణం కేసు కాదు. అంతకు ముందు రెండు రోజులూ నేను సంగీతం క్లాసుకని బయల్దేరి, మా పిన్ని కూతురితో కలిసి మ్యాట్నీకి పోయాను. ఆ సంగతి చెప్పడానికే వచ్చారనుకున్నాను. ఎవరినీ తప్పు అనని మనిషి, పనిగట్టుకుని పటమట నుంచి నా మీద చాడీ చెప్పడానికి వస్తాడా అన్న ఆలోచన నాకు రాలేదు. దొంగకి ఊరంతా పోలీసులే.

"నాన్నగారు తీరిగ్గా ఉన్నారామ్మా భారతీ?" అని అడిగారు.

"లేరండీ, చాలామంది ఉన్నారు. ఇప్పుడప్పుడే తెమలరు" అన్నాను.

ఆయన లోపలికి చూశారు. గదిలోంచి రైతుల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి, నేను అబద్ధమేమీ చెప్పలేదు. నాన్నగారూ, మాస్టారొచ్చారు అని ఒక్క కేక వేస్తే చాలు, ఆయన లేచి వచ్చేవారు. వేయలేదు. మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "పోనీలేమ్మా, పెద్ద విషయమేం కాదు. పెళ్ళి సంగతి. ఎందుకు ఆయన్ని కదిలించడం" అన్నారు. సైకిలు ఎక్కబోతూ ఆగి, "ఒంట్లో బాగుందా అమ్మా? రెండు రోజుల్నుంచీ రాలేదు" అన్నారు. బాగానే ఉందండీ అన్నాను. ఆయన వెళ్ళిపోయాక నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆయన వచ్చినట్టు నాన్నగారికి చెప్పలేదు. చెబితే ఎందుకొచ్చారు అంటారు, అక్కణ్ణుంచి నా మ్యాట్నీ బయటపడుతుంది.

మర్నాడు మాస్టారు విడిదికి సరేనన్నారు. పిల్లలమందరం కలిసి వాయిద్యాలన్నీ మాస్టారి ఇంటి అరుగు మీదకి మోసుకెళ్ళాం. గోదాం కడిగి మామిడాకులు కట్టాం. మగపెళ్ళివారు దిగినప్పుడు మా చేత వాయింపించుకున్నారు కూడా. పెళ్ళికొడుకు తండ్రి నాగమణిని పక్కన కూర్చోబెట్టుకుని బూరెలు తినిపించాడు. మేమంతా ఆ మూడు రోజులూ మా ఇంట్లో పెళ్ళిలాగే తిరిగాం. నాలుగో రోజు సాయంత్రం చాపలు భుజాన వేసుకుని వెళ్తే తలుపుకి కొత్త తాళం, ముందు మడతమంచం మీద ఒక కాపలావాడు. "అయ్యగారు ఎవర్నీ రానివ్వద్దన్నారు. మీ మాస్టారే రాసిచ్చారంటగా" అన్నాడు. నాగమణి ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని చూసి వదిలేసింది.

తెల్లారి మాస్టారు మా వసారాలో బల్ల మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. తాళం చెవి ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం చేశారట. పెళ్ళివారి సామాన్లు పోతే ఎవరి మీదా మాట రాకుండా అని చెప్పారట శేషగిరిరావు గారు. అందులో ఏముందని నాన్నగారు అడిగారు.

"చదవలేదండీ."

"చదవలేదా? కళ్ళజోడు లేదా దగ్గర?"

"ఉందండీ. ఆడపిల్ల పెళ్ళి ముందు పెట్టుకుని, ఇద్దరూ ఎదురుగా కూర్చునుంటే... చదివితే అనుమానించినట్టు ఉంటదని..."

నాన్నగారు కోపంతో అరవడం నేను అంతకు ముందు చూడలేదు. వసారాలో ఉన్న రైతులంతా లేచి నిలబడ్డారు. "తాళం చెవే మన కేసని చెప్పానా లేదా? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేదండీ? మా ఇల్లు మీకు తెలియందా?" అన్నారు. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. మాస్టారు తలెత్తారు. ఆయన చూపు నా మీద పడింది, ఒక్క క్షణం ఆగింది, పక్కకి తప్పుకుంది. నా చేతిలో గ్లాసు కాలుతున్నా దించలేదు.

"తప్పు నాదేనండీ" అన్నారు మాస్టారు. ఆయన నోట తప్పు అన్న మాట వినడం నాకదే మొదలు.

ఆ కాగితంలో, గోదాంను నా ఇష్టపూర్వకంగా ఖాళీ చేసి యజమాని గారి స్వాధీనం చేశానని ఉంది. అవతలి లాయరు దాన్ని కోర్టులో పెట్టాడు. ఖాళీ చేసి ఇచ్చేసినవాడికి ఇంజంక్షను దేనికన్నారు మున్సిఫు గారు. మోసపోయి సంతకం చేశారని నాన్నగారు వాదించారు. చదువుకున్న మాస్టారు, కళ్ళజోడు ఉన్న మాస్టారు, ఎలా మోసపోయారని అడిగితే, బోనులో నిలబడి కూడా ఆయన శేషగిరిరావు గారిని మోసగాడనలేకపోయారు. "వారు పెళ్ళి పనుల హడావుడిలో ఉన్నారండీ, ఆ కాగితం ఎవరు రాశారో ఏమో" అన్నారట. గుమాస్తా లింగమూర్తి గారు ఇంటికొచ్చి తల పట్టుకుని, మొహమాటానికి పోతే అనే సామెత సగం అని, నన్ను చూసి మిగతా సగం మింగేశారు. వానాకాలం రాకముందే గోదాం కూల్చేశారు.

వాయిద్యాలు మాస్టారి అరుగు మీదే ఉండిపోయాయి. తాటాకు పందిరి కింద ఎన్నాళ్ళుంటాయి? ఆ ఏటి వానలకి వయొలిన్లు అతుకులు విడిపోయాయి, హార్మోనియం మెట్లు ఉబ్బి నొక్కితే పైకి లేచేవి కావు, మృదంగం తోలు బూజు పట్టింది. పిల్లలు ఒకళ్ళొకళ్ళే మానేశారు. క్లారినెట్ వాయించే ఏసుపాదం బీసెంటురోడ్డులో బట్టలకొట్టు ముందు గిరాకీని పిలిచే పనిలో చేరాడు. ఊపిరి బలంగా ఉందని పెట్టుకున్నారట. నాగమణికి మరుసటి ఏడే పెళ్ళి చేసి ఉయ్యూరు అవతలి పల్లెకి పంపారు. చాలాకాలం తర్వాత ఒకసారి బస్టాండులో కనబడింది, చంకలో పిల్ల. వాయిస్తున్నావా అని అడిగాను. నాగమణి నన్ను వింతగా చూసి, "దేన్నండీ?" అంది. నన్ను అండీ అనడం కంటే ఆ దేన్ని అన్న మాటే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. నేను కూడా వయొలిన్ మానేశాను. అమ్మ వీణ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాన్నగారు ఆ తర్వాత ఊరికే కేసులు మానలేదు గాని, పద్ధతి మార్చారు. ఎవరైనా పేదవాడు వస్తే, "మీ దొడ్లో ఏం కాస్తాయి?" అని అడిగేవారు. సొరకాయో, నాలుగు నిమ్మకాయలో పుచ్చుకుని గాని వకాల్తా మీద సంతకం చేయించేవారు కాదు. సొరకాయ ఇచ్చినవాడు వారం తిరక్కుండా వచ్చి, "ఏమండీ, మా కేసు ఏమైందండీ?" అని నిలదీసేవాడు. నాన్నగారు అమ్మ వైపు చూసేవారు. "ఆ మాస్టారి ములక్కాడలు పుచ్చుకుని ఉంటే గోదాం నిలిచేది" అని చివరి రోజుల్లో మంచం మీద కూడా అన్నారు. మందు తాగిస్తున్న నేను చెంచా కింద పెట్టి చెప్పేద్దామనుకున్నాను. నాన్నా, అది ములక్కాడల వల్ల పోలేదు, నా వల్ల పోయింది అని. చెప్పలేదు. ఆ దిగులుతోనే ఆయన పోయారు. ఆయనది కాని దిగులు అది.

ఇప్పుడు మా మనవరాలి ఫారంలో అన్నింటికీ గడులున్నాయి. క్లయింటు వారం వారం ఫోను చేయాలట, చేయకపోతే వీళ్ళే చేస్తారట. మంచిదే. సిగ్గరి మనిషి గేటు దగ్గర నిలబడాల్సిన పని లేదు, గేటు దగ్గర అబద్ధంలాంటి నిజం చెప్పే ఆడపిల్ల అవసరమూ లేదు. మాస్టారి కథ చెబితే ఆ పిల్ల అంతా విని, "చదవకుండా సంతకం ఎలా పెట్టారు మామ్మా?" అంది. ఎదుటివాడు బాధపడతాడని కాగితం చదవకపోవడం దానికి ఎంత చెప్పినా అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మేలేమో. ఆ మర్యాద వల్ల బాగుపడినవాళ్ళు నాకు తెలిసి లేరు. అయినా ఆ పిల్ల అలా అడిగితే నాకు కోపం వచ్చింది, ఎవరి తరఫున వచ్చిందో తెలియదు.

నాన్నగారి పెద్దకర్మ అయిన నెల రోజులకి నేను బస్సెక్కి కూచిపూడి దాటి మాస్టారు కూతురి దగ్గర ఉంటున్న పల్లెకి వెళ్ళాను. ఆయన చూపు దాదాపు పోయింది. గొంతు గుర్తుపట్టి, "భారతి కదూ" అని చెయ్యి చాచారు. కూతురు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, ముందుగా ఏమీ మాట్లాడకుండా ఆ సాయంత్రం సంగతి మొత్తం చెప్పేశాను. మ్యాట్నీ, గేటు, నాన్నగారిని పిలవకపోవడం, గుమ్మంలో ఉన్న నా వైపు చూసి ఆయన తప్పు తన మీద వేసుకోవడం, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఆయన నా చెయ్యి వదలలేదు.

"పిచ్చితల్లీ, ఇన్నేళ్ళూ ఇది మోశావా?" అన్నారు. "నువ్వు పిలిచినా నేను చెప్పేవాణ్ణి కాదమ్మా. గేటు దాకా వచ్చాక నాకే సిగ్గేసింది, ఆయన పని చెడగొట్టడం ఎందుకని. నువ్వు తెమలరు అనగానే అమ్మయ్య అనుకున్నా. గోదాం పోవడానికీ నీకూ సంబంధం లేదు."

ఎంత తేలిగ్గా అన్నారో. బస్సులో తిరిగొస్తూ ఆ మాటని దేవుడి ప్రసాదంలా పట్టుకుని కూర్చున్నాను. ఉయ్యూరు దాకా అలాగే నమ్మాను. ఆ తర్వాత, ఎదురుగా కూర్చుని ఏడుస్తూ అడిగినవాళ్ళకి లేదనడం ఆయనకు ఎప్పుడైనా చేతనైందా అని తోచింది. శేషగిరిరావు గారి భార్య చేతులు జోడిస్తే తాళం చెవి ఇచ్చేసిన మనిషి. నేను ఏడిస్తే ఆ మాట ఇచ్చి పంపారేమో. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఇంక అడగడానికి లేదు.